ట్రావెల్ బేస్‌బాల్ ఖర్చును అదుపులో పెట్టుకోవడం ఎలా?

ప్రతి ఏటా జూలై చివర్లో ట్రైఔట్ల తేదీలు వెలువడగానే అట్లాంటా ఉత్తర శివార్లలోని కమింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్‌క్రీక్ ప్రాంతాల తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. “మా బాబును ట్రావెల్ జట్టులోకి తీసుకుంటామంటున్నారు, ఏడాదికి 2,400 డాలర్లట. ఇంతటితో సరిపోతుందా?” సరిపోదు. ఇద్దరు పిల్లలను ఏడేళ్లుగా ఈ ఆటకు తిప్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: జట్టు చెప్పే రుసుము చాలాసార్లు అసలు ఖర్చులో మూడో వంతుకు కూడా చేరదు. మిగిలినదంతా హోటళ్లకు, కారు ప్రయాణాలకు, గేటు టికెట్లకు, బ్యాట్లకు, విడిగా చెప్పించుకునే పాఠాలకు విడివిడిగా పోతుంది కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ ఖర్చు విషయంలో ఒక్క సంగతి ముందే గుర్తించండి. ఏడాది మొత్తానికి మీకు ఎంత అవుతుందన్నది ఆగస్టులో, మీరు సంతకం పెట్టి అడ్వాన్సు కట్టే రోజున, ఆ జట్టు ఎంచుకున్న టోర్నమెంట్ల జాబితాతోనే దాదాపు తేలిపోతుంది. ఆ తరువాత మార్చిలోనో ఏప్రిల్‌లోనో చేసే పొదుపు మేలే గానీ, చిన్నది. అందుకే ఈ వ్యాసంలో సంతకానికి ముందు చేయవలసిన పనుల గురించే ఎక్కువగా చెబుతున్నాను.

ఈ ఆటకు కొత్తవారి కోసం రెండు మాటలు. కౌంటీ పార్కులోనో లిటిల్ లీగ్‌లోనో ఇంటి దగ్గర ఆడేదాన్ని రెక్ బాల్ అంటారు. ట్రైఔట్ పెట్టి ఎంపిక చేసిన పిల్లలతో వారాంతాల్లో టోర్నమెంట్లు తిరుగుతూ ఆడేదే ట్రావెల్ బాల్. జట్లు 9యూ (తొమ్మిదేళ్లు, అంతకు లోపు), 10యూ, 11యూ అని వయసును బట్టి ఉంటాయి. ట్రావెల్ జట్లలో సాధారణంగా ఏప్రిల్ 30 నాటి వయసును చూస్తారు, లిటిల్ లీగ్‌లో ఆగస్టు 31 నాటి వయసును చూస్తారు. ఒకే పిల్లవాడు రెండు చోట్ల రెండు వయసు విభాగాల్లోకి రావచ్చు కనుక ముందుగా దీన్ని సరిచూసుకోండి.

కావలసినవి

• మొబైల్‌లో భార్యాభర్తలిద్దరూ తెరవగలిగే ఒక ఎక్సెల్ లేదా గూగుల్ షీట్.
• జట్టు నుంచి రాతపూర్వకంగా తీసుకున్న టోర్నమెంట్ల జాబితా, నిరుడు ఆడిన జాబితా.
• జట్టు ఒప్పంద పత్రం, అందులో రుసుము వాపసు నిబంధనలు.
• ఈ ఆటకు మాత్రమే వాడే ఒక క్రెడిట్ కార్డు. కొత్తది అక్కరలేదు, వాడకుండా పక్కన పెట్టినది ఉంటే చాలు.
• వచ్చే ఏడాది మీ కుటుంబ క్యాలెండరు: ఇండియా ప్రయాణం, ఇంట్లో శుభకార్యాలు, రెండో బిడ్డ కార్యక్రమాలు.
• ఆడే పిల్లవాడితో తీరికగా ఒక గంట మాట్లాడే సమయం.

1. ముందు గరిష్ఠ పరిమితిని నిర్ణయించుకోండి

జట్టు ఏదో తెలియక ముందే, ఏడాదికి ఇంతకు మించి పెట్టబోమన్న మొత్తాన్ని భార్యాభర్తలు కూర్చుని రాసుకోవాలి. జట్టు ఖరారయ్యాక, పిల్లవాడు కొత్త టోపీ పెట్టుకుని ఇంట్లో తిరుగుతున్నప్పుడు ఈ మాట మాట్లాడుకోవడం చాలా కష్టం. ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ వారి ప్రాజెక్ట్ ప్లే సర్వే ప్రకారం 2024లో అమెరికా కుటుంబం ఒక బిడ్డ ప్రధాన క్రీడపై సగటున 1,016 డాలర్లు ఖర్చు చేసింది. ట్రావెల్ బేస్‌బాల్ కుటుంబాల ఖర్చు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, ‘అందరూ పెడుతున్నారు గదా’ అన్నది మీకు కొలమానం కానక్కరలేదు.

హెచ్చరిక: కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందన్న ఆశను ఈ పరిమితిలో కలపవద్దు. కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్ 1 బేస్‌బాల్‌లో చాలా ఏళ్లపాటు ఒక జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే రెండు డజన్ల మందికి పైగా పంచేవారు. 2025-26 నుంచి, కాలేజీ క్రీడలపై కోర్టులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ లెక్క పోయి 34 మంది ఆటగాళ్ల పరిమితి వచ్చింది గానీ, పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వాలన్న నియమం మాత్రం రాలేదు. డివిజన్ 3లోనూ ఐవీ లీగ్‌లోనూ క్రీడా స్కాలర్‌షిప్‌లే లేవు. పిల్లవాడి కాలేజీ చదువుకు పొదుపు చేసే 529 ఖాతాలో నెలనెలా వేసే సొమ్మును తగ్గించి బేస్‌బాల్‌కు పెట్టడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

2. సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి

కోచ్‌ను గానీ జట్టు మేనేజరును గానీ ఇవన్నీ ఈమెయిల్‌లో అడగండి, ఎందుకంటే మైదానంలో నోటిమాటగా వచ్చిన జవాబు ఏప్రిల్ నాటికి ఎవరికీ గుర్తుండదు. ఇలా అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని మనవాళ్లు చాలామంది మొహమాటపడతారు. మంచి జట్లు ఈ ప్రశ్నలకు అలవాటు పడే ఉంటాయి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడే జట్టు గురించి మీరు తెలుసుకోవలసింది ఆ ఇబ్బందితోనే తెలిసిపోతుంది.

• ఏడాదికి ఎన్ని టోర్నమెంట్లు? వాటిలో రాత్రి బస అవసరమైనవి ఎన్ని, ఏయే ఊళ్లలో?
• వాటిలో ‘స్టే టు ప్లే’ నిబంధన ఉన్నవి ఏవి? అంటే నిర్వాహకులు చెప్పిన సంస్థ ద్వారానే హోటల్ తీసుకోవలసినవి.
• రుసుములో యూనిఫాం, చలికాలపు ఇండోర్ శిక్షణ, కోచ్‌ల ప్రయాణ ఖర్చులు కలిసి ఉన్నాయా, విడిగా వసూలు చేస్తారా?
• జట్టులో ఎంతమంది పిల్లలు ఉంటారు? 11 మందికి, 14 మందికి మధ్య మీ బాబు బెంచిపై కూర్చునే సమయంలో చాలా తేడా ఉంటుంది.
• పిల్లవాడికి దెబ్బ తగిలినా, కుటుంబం వేరే ఊరికి మారినా డబ్బు ఎంత వెనక్కి వస్తుంది?
• వాన వల్ల టోర్నమెంటు రద్దయితే వచ్చే వాపసు జట్టు ఖాతాలో ఉంటుందా, కుటుంబాలకు తిరిగి వస్తుందా?

మా పెద్దవాడి మొదటి ఏడాది నేను వీటిలో ఒక్కటి కూడా అడగలేదు. అడ్వాన్సు కట్టిన నెల తరువాత వచ్చిన జాబితాలో రాష్ట్రం దాటి వెళ్లవలసిన టోర్నమెంట్లు మూడు ఉన్నాయి. ఆ ఏడాది మా ఖర్చు అనుకున్నదానికి రెట్టింపైంది. జట్టువాళ్లు నన్ను మోసం చేయలేదు. వాళ్లు ప్రతి ఏడాదీ వెళ్లేది అవే ఊళ్లకు, నిరుటి జాబితాను చూసి ఉంటే నాకు ముందే తెలిసేది.

3. పూర్తి లెక్క వేయండి

షీట్‌లో ప్రతి టోర్నమెంటుకూ ఒక వరుస పెట్టి, హోటల్, కారు, భోజనం, గేటు అని నాలుగు నిలువు గడులు వేయండి. కారు ఖర్చుకు గ్యాస్ డబ్బు ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే టైర్లు, ఆయిలు, బండి అరుగుదల కూడా ఖర్చే. వ్యాపార ప్రయాణాలకు ఐఆర్‌ఎస్ 2025లో ఇచ్చిన మైలుకు 70 సెంట్ల ధరను కొలతగా వాడుకోండి.

ఎలా వేయాలో తెలియడానికి ఒక నమూనా లెక్క ఇస్తున్నాను. అంకెలు మీ జట్టును బట్టి మారతాయి.

• జట్టు రుసుము 2,400 డాలర్లు, యూనిఫాం, సంచి 350, సామగ్రి 500.
• బయటి ఊరి టోర్నమెంటు ఒక్కోదానికి: రెండు రాత్రుల హోటల్ 340, రానూపోనూ 400 మైళ్లకు 280, భోజనం 180, గేటు 60, వెరసి 860. అలాంటివి నాలుగైతే 3,440.
• స్థానిక టోర్నమెంటు ఒక్కోదానికి: గేటు 50, రెండు రోజుల్లో 100 మైళ్లకు 70, చిరుతిండి 20, వెరసి 140. అలాంటివి ఏడైతే 980.
• విడి పాఠాలు 20, ఒక్కోటి 60 డాలర్ల చొప్పున 1,200.

మొత్తం 8,870 డాలర్లు. జట్టు చెప్పిన 2,400 ఇందులో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఇప్పుడు ఇదే లెక్కలో ఒక మార్పు చేసి చూడండి. నాలుగు బయటి ఊరి టోర్నమెంట్లలో మూడింటిని స్థానికమైనవాటితో మార్చితే 2,160 డాలర్లు మిగులుతాయి. 450 డాలర్ల బ్యాట్‌కు బదులు 220 డాలర్లది కొంటే మిగిలేది 230. ఏ నిర్ణయం దగ్గర ఎక్కువసేపు ఆలోచించాలో ఈ రెండు అంకెలు చెబుతాయి.

అట్లాంటా చుట్టుపక్కల ఉండేవారికి ఇందులో ఒక పెద్ద సౌలభ్యం ఉంది. నగరానికి సుమారు 40 మైళ్ల దూరంలో ఎమర్సన్‌లో ఉన్న లేక్‌పాయింట్ మైదానాలకు టోర్నమెంట్ల కోసం దేశం నలుమూలల నుంచి జట్లు హోటళ్లు తీసుకుని వస్తాయి. మన పిల్లలు రాత్రి ఇంట్లోనే పడుకుని పొద్దున్నే వెళ్లి ఆ జట్లతోనే ఆడవచ్చు. అలాంటప్పుడు బలమైన ప్రత్యర్థుల కోసమని పదేళ్ల పిల్లలను ఫ్లోరిడాకు తీసుకువెళ్లవలసిన అవసరం నాకు కనిపించదు. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్ వంటి పెద్ద నగరాల చుట్టూ ఉండేవారు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి: గంటలోపు దూరంలో ఎన్ని టోర్నమెంట్లు జరుగుతున్నాయి?

4. తక్కువ ఖర్చు దారులను పక్కనే పెట్టి పోల్చండి

లెక్క మీ పరిమితిని దాటితే వెంటనే మానుకోనక్కరలేదు. ఈ ప్రత్యామ్నాయాలను వరుసగా చూడండి.

రెక్ బాల్ ఆడి, సీజను చివర లీగ్‌లోని మేటి ఆటగాళ్లతో కూర్చే ఆల్‌స్టార్ జట్టుకు ఎంపిక కావడం మొదటి దారి. పదేళ్లలోపు పిల్లలకు చాలావరకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వయసులో కావలసింది ఎక్కువసార్లు బ్యాట్ పట్టడం, ఎక్కువ స్థానాల్లో ఆడటం. లిటిల్ లీగ్‌లో రుసుము కట్టలేని కారణంగా పిల్లలను తిప్పి పంపకూడదన్న విధానం కూడా ఉంది. అవసరమైనవారు సంకోచం లేకుండా స్థానిక లీగ్‌ను అడగాలి.

రెండో దారి, ఫాల్ సీజను మాత్రమే ట్రావెల్ జట్టుతో ఆడటం. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు టోర్నమెంట్లు తక్కువగా, దగ్గరగా ఉంటాయి, పిల్లవాడికి ఇది నిజంగా ఇష్టమో కాదో తేలుతుంది. మూడోది, ఏ జట్టులోనూ శాశ్వతంగా చేరకుండా, ఆటగాళ్లు తక్కువైన జట్లకు అతిథిగా ఆడటం. ఇందులో ఖర్చు చాలా తక్కువ. కానీ పిచింగ్ చేసే (బ్యాటర్‌కు బంతి విసిరే) పిల్లలకు ఇది ప్రమాదకరం, ఎందుకంటే నిన్న వేరే జట్టుకు ఎన్ని బంతులు విసిరాడో ఈరోజు కోచ్‌కు తెలియదు. ఆ లెక్క మీరే ఉంచుకోవాలి.

5. ఒప్పందం, వాయిదాలు, ఇండియా ప్రయాణం

రుసుమును ఒకేసారి కట్టమంటే, నెలవారీ వాయిదాలు ఉన్నాయా అని అడగండి. చాలా జట్లు ఇస్తాయి. మొత్తం ముందే కట్టినవారికి తగ్గింపు ఇస్తే, జట్టు మధ్యలో విడిపోయినప్పుడు ఆ సొమ్ము ఏమవుతుందో చూసుకున్నాకే ఒప్పుకోండి. నిరుడు పుట్టి ఈ ఏడాది పోయే జట్లు ఈ ఆటలో ఎన్నో ఉంటాయి.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు వేసవి ఇండియా ప్రయాణం. బడి సెలవులు మే చివర మొదలవుతాయి, సీజనులో ముఖ్యమైన టోర్నమెంట్లు జూన్, జూలైలలోనే ఉంటాయి. ఐదు వారాలు ఊరికి వెళ్లివస్తే మీరు డబ్బు కట్టిన టోర్నమెంట్లలో మూడో నాలుగో పోతాయి, ఆ మేరకు వాపసు ఎవరూ ఇవ్వరు. దీనికి రెండే మార్గాలు ఉన్నాయి. టికెట్లు కొనేముందే కోచ్‌కు తేదీలు చెప్పి రుసుములో తగ్గింపు అడగడం ఒకటి, ఇండియా ప్రయాణాన్ని డిసెంబరుకు మార్చడం మరొకటి. డిసెంబరు టికెట్ల ధర ఎక్కువగా ఉంటుంది కనుక ఆ తేడాను కూడా బేస్‌బాల్ ఖర్చుగానే షీట్‌లో రాయండి.

6. సామగ్రి: ముద్ర చూసి కొనండి

డబ్బు వృథా అయ్యేది ముఖ్యంగా బ్యాట్ దగ్గర. చెక్క బ్యాట్లను పక్కన పెడితే, అమెరికాలో పిల్లల బ్యాట్లపై మూడు రకాల ముద్రలు ఉంటాయి. లిటిల్ లీగ్ వంటి రెక్ లీగుల్లో 2018 నుంచి యూఎస్ఏ ముద్ర ఉండాలి. ట్రావెల్ టోర్నమెంట్లలో ఎక్కువగా వాడేది యూ-ట్రిపుల్-ఎస్-ఏ ముద్ర ఉన్న బ్యాట్. హైస్కూలులో బీబీకోర్ ముద్రతో, మైనస్ 3 బరువులో (పొడవు ఎన్ని అంగుళాలో, బరువు ఔన్సుల్లో దానికంటే మూడు తక్కువ) ఉన్నదే చెల్లుతుంది. రెక్‌లోనూ ట్రావెల్‌లోనూ ఆడే పిల్లవాడికి రెండు బ్యాట్లు కొనేముందు, మీ జట్టు ఆడే టోర్నమెంట్లలో యూఎస్ఏ ముద్ర బ్యాట్ కూడా చెల్లుతుందేమో అడగండి. చెల్లితే ఒక్కటి చాలు.

బ్యాట్ల కొత్త నమూనాలు సాధారణంగా వేసవి చివర నుంచి మార్కెట్లోకి వస్తాయి, అప్పుడు నిరుటి నమూనా ధర తగ్గుతుంది. అదే కొనండి. సైడ్‌లైన్‌స్వాప్‌లోనో ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ దుకాణంలోనో వాడినది కొంటే, చివరి మూతను చేత్తో తిప్పి వదులుగా ఉందేమో చూడండి, బ్యాట్‌ను ఊపి లోపల గలగల వినిపిస్తుందేమో వినండి, వెలుతురులో పట్టుకుని సన్నని పగుళ్లు వెతకండి. తయారీదారు వారంటీ సాధారణంగా మొదటి కొనుగోలుదారుకే, అదీ ఏడాదికే ఉంటుంది.

హెచ్చరిక: కాంపోజిట్ (కార్బన్ నారతో చేసిన) బ్యాట్‌ను 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలిగా ఉన్నప్పుడు వాడితే పగిలే ప్రమాదం ఉంది. ఇక్కడ ఫిబ్రవరి, మార్చి సాయంత్రాలు అలాగే ఉంటాయి. ప్రాక్టీసుకు, మెషీన్ నుంచి వచ్చే గుంటల రబ్బరు బంతులకు పాత అల్యూమినియం బ్యాట్‌ను ఉంచండి.

గ్లవ్ వాడినదే మేలు, తోలు ముందే మెత్తబడి ఉంటుంది. బూట్లు, ప్యాంట్లు జట్టులోని పెద్ద పిల్లల నుంచి తీసుకోవచ్చు. హెల్మెట్ మాత్రం ఎన్ని దెబ్బలు తిన్నదో తెలియనిదాన్ని కొనవద్దు.

7. హోటలు, ప్రయాణం, భోజనం

ఆటల సమయాలు చాలాసార్లు ఆ వారం బుధవారమో గురువారమో గానీ తెలియవు. శనివారం రెండు పూల్ (తొలి దశ) ఆటలు, వాటి ఫలితాన్ని బట్టి ఆదివారం బ్రాకెట్ (నాకౌట్) ఆటలు అన్నది మామూలు పద్ధతి. మొదటి ఆట శనివారం మధ్యాహ్నం రెండింటికి పడితే శుక్రవారం రాత్రి బస అవసరమే ఉండదు. కాబట్టి రద్దు చేసుకోగల ధరకే గది తీసుకోండి, రద్దుకు చివరి గడువు ఎన్ని గంటల ముందో ఫోన్ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, సమయాలు రాగానే మళ్లీ లెక్క చూసుకోండి. పది డాలర్ల తగ్గింపు కోసం వాపసు లేని గది తీసుకుని, వాన వల్ల టోర్నమెంటు రద్దై, రెండు రాత్రుల డబ్బూ పోగొట్టుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను. టోర్నమెంటు రుసుములో ఎంతో కొంత జట్టుకు తిరిగి వచ్చినా హోటల్ డబ్బు మీకు రాదు.

స్టే టు ప్లే టోర్నమెంట్లలో మీ హోటల్ పాయింట్లు పనికిరాకపోవచ్చు. మైదానానికి కొంత దూరంలోపు ఇల్లు ఉన్నవారికి చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. అది తనంతట తాను వర్తించదు, జట్టు మేనేజరు ముందే రాసి పంపాలి. ఉచిత అల్పాహారం, గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న హోటల్ రాత్రికి 15 డాలర్లు ఎక్కువైనా నలుగురి కుటుంబానికి చవకే పడుతుంది.

భోజనం విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది. మైదానాల దగ్గర అమ్మేవి హాట్‌డాగులు, నాచోలు. శాకాహారులకైతే చిప్స్ తప్ప మరేమీ దొరకని చోట్లూ ఉంటాయి. పొద్దున కలిపిన పులిహోర సాయంత్రం దాకా బాగుంటుంది. పెరుగన్నాన్ని ఐసు కూలర్లో పెట్టుకుంటే రెండో ఆట తరువాత పిల్లలు ఎండ బడలిక నుంచి సేదతీరడానికి అంతకంటే మంచి ఆహారం లేదు. అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లు, చపాతీ రోల్స్ ఆటకు ఆటకు మధ్య తినడానికి సరిపోతాయి. మా జట్టులోని మిగతా పిల్లలు ఇప్పుడు పులిహోర డబ్బా కోసం ఎదురుచూస్తారు. కొన్ని మైదానాల్లో బయటి ఆహారాన్ని, కూలర్లను లోపలికి రానివ్వరు కనుక వెబ్‌సైట్‌లో నిబంధన చూసుకోండి. అలాంటి చోట కారు డిక్కీ దగ్గర నీడలో తినవచ్చు.

గేటు టికెట్టు మనిషికి ఇంతని ఉంటుంది, రెండు రోజులకు కలిపి తీసుకునే పాసు చవక. తల్లిదండ్రులిద్దరూ ప్రతి టోర్నమెంటుకూ వెళ్లనక్కరలేదు. ఒకరు వెళ్లి, రెండోవారు ఇంట్లో చిన్నబిడ్డతో ఉండి గేమ్‌ఛేంజర్ యాప్‌లో ఆటను అనుసరించవచ్చు. మరో కుటుంబంతో కలిసి ఒకే కారులో వెళితే నమూనా లెక్కలోని 280 డాలర్లు 140 అవుతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు మనవడి ఆట చూడాలని ఉంటుంది. వారిని సాయంత్రం జరిగే స్థానిక ఆటలకు తీసుకువెళ్లండి, జూలై ఎండలో రోజంతా ఆరుబయట కూర్చోబెట్టవద్దు.

8. విడి పాఠాలు, పిల్లవాడి చేయి

పాఠం పేరుతో వారం వారం 60 డాలర్లు పోవడం మామూలైపోతుంది. నేను పాటించే పద్ధతి ఇది: రెండు వారాలకు ఒక పాఠం, దానిని ఫోన్‌లో వీడియో తీసుకోవడం, మిగతా రోజుల్లో గరాజులోనో పెరట్లోనో బంతిని నిలబెట్టి కొట్టే ‘టీ’ స్టాండు, నెట్, పాత బంతులతో అదే అభ్యాసం. పాఠంలో చెప్పినదాన్ని ఇంట్లో చేయని పిల్లవాడికి రెండో పాఠం కొనడం వల్ల ప్రయోజనం లేదు.

పిచింగ్ చేసే పిల్లల విషయంలో పొదుపూ ఆరోగ్యమూ ఒకే దిక్కున ఉన్నాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం రోజుకు 9-10 ఏళ్లవారు 75, 11-12 ఏళ్లవారు 85, 13-14 ఏళ్లవారు 95 బంతులు దాటకూడదు. 14 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలు 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజుల విశ్రాంతి కావాలి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరుసగా ఉండాలి. అంటే ఆ నాలుగు నెలలు పిచింగ్ పాఠాలకు డబ్బు కట్టవలసిన పని కూడా లేదు. కొన్ని టోర్నమెంట్లలో నిబంధన బంతుల లెక్కన కాక ఇన్నింగ్స్ లెక్కన ఉంటుంది కనుక నిర్వాహకులు ఒప్పుకున్నారంటే చేతికి మంచిదని అర్థం కాదు. బంతులు మీరే లెక్కపెట్టండి. మోచేతి ఎంఆర్ఐ, ఫిజియోథెరపీ, బీమా డిడక్టబుల్ ముందు ఏ బ్యాట్ ధరా లెక్కలోకి రాదు. ఆ నొప్పి భరించేది మాత్రం బిడ్డే.

9. పన్నులో వచ్చేది, రానిది

జట్టు రుసుము, టోర్నమెంటు ఖర్చు పన్ను మినహాయింపులోకి రావు. అయితే వేసవిలో మీ పని గంటల్లో పిల్లవాడిని చూసుకునే డే క్యాంపు, అది బేస్‌బాల్ క్యాంపు అయినా సరే, బిడ్డకు 13 ఏళ్లు నిండనంతవరకు డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి పన్నుకు ముందే సొమ్ము పక్కన పెట్టే) ఖాతా నుంచి చెల్లించడానికి వీలుంది. రాత్రి బస ఉండే క్యాంపులకు ఇది వర్తించదు. ఈ ఖాతా పరిమితి 2025లో కుటుంబానికి 5,000 డాలర్లు, 2026 నుంచి 7,500. సాధారణంగా భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, లేదా ఒకరు పూర్తికాల విద్యార్థి అయి ఉండాలి. హెచ్-4 వీసాపై పని అనుమతి లేకుండా ఇంట్లో ఉన్న జీవిత భాగస్వామి ఉన్న కుటుంబం దీన్ని తీసుకుంటే తరువాత చిక్కు వస్తుంది.

విరాళాల సేకరణలో ఒక జాగ్రత్త ఉంది. లాభాపేక్ష లేని సంస్థగా నమోదైన జట్టు, ఏ కుటుంబం ఎంత విరాళం తెస్తే వారి రుసుములో అంత తగ్గిస్తామంటే ఆ పద్ధతి ప్రమాదకరం. 2013లో అమెరికా టాక్స్ కోర్టు ఇలాంటి పద్ధతి పాటించిన ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ (జట్టు కోసం విరాళాలు సేకరించే తల్లిదండ్రుల సంఘం) పన్ను మినహాయింపు హోదా రద్దును సమర్థించింది. వచ్చిన విరాళం జట్టు మొత్తానికి పోవాలి. మీ కంపెనీ స్వచ్ఛంద సేవ గంటలకు డబ్బు ఇచ్చే పద్ధతి పాటిస్తుంటే, అలాంటి నమోదిత లీగ్‌లో మీరు కోచింగ్‌లో సాయపడిన గంటలు అందులోకి వస్తాయేమో కనుక్కోండి.

10. కూపర్స్‌టౌన్ వస్తుందని పదేళ్లకే గుర్తుంచుకోండి

12యూ వయసులో చాలా జట్లు న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ ప్రాంతానికి వారం రోజుల టోర్నమెంటుకు వెళతాయి. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరది. పిల్లలు, కోచ్‌లు శిబిరంలోనే ఉంటారు, ఒక్కో ఆటగాడికి రుసుమే వెయ్యి డాలర్లు దాటుతుంది, తల్లిదండ్రుల బస, ప్రయాణం వేరు. ఒక్క దూరప్రయాణానికే డబ్బు ఉంటే దీనికే పెట్టమంటాను. మా పెద్దవాడు మరచిపోని వారం అదే. 10యూ నుంచి నెలకు వంద డాలర్లు విడిగా వేస్తూ వస్తే రెండేళ్లకు 2,400 అవుతాయి, అప్పు అవసరం ఉండదు.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటి పొరపాటు, ‘ఏ’ జట్టు, ‘బి’ జట్టు అన్న పేర్లకు ఎక్కువ డబ్బు కట్టడం. పెద్ద సంస్థ పేరు ఉన్న మూడో జట్టులో బెంచిపై కూర్చోవడం కంటే, పేరు లేని జట్టులో రోజంతా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఉండే కీలక ఫీల్డింగ్ స్థానం) ఆడటం పిల్లవాడికి మేలు. రెండోది, ప్రతి ఆగస్టులో జట్టు మార్చడం. మార్చిన ప్రతిసారీ కొత్త యూనిఫాం, సంచి, హెల్మెట్ కొనవలసి వస్తాయి. మూడోది, ఒకరు ఖర్చు పెడుతూ రెండోవారికి చెప్పకపోవడం. ఇది డబ్బుకు మించిన నష్టం చేస్తుంది. నాలుగోది, ఆడని బిడ్డను మరచిపోవడం. మా చిన్నమ్మాయి కూచిపూడి తరగతులు వరుసగా మూడు ఆదివారాలు తప్పాయని వాళ్ల గురువుగారు ఫోన్ చేసి చెప్పేదాకా మేము గమనించలేదు. అప్పటి నుంచి షీట్‌లో తనకూ ఒక గడి పెట్టాం.

ఫలితాన్ని సరిచూసుకోవడం

నవంబరు చివర, మార్చి చివర, జూలై చివర అని ఏడాదికి మూడుసార్లు ఆ ప్రత్యేక కార్డు స్టేట్‌మెంటును షీట్‌తో పోల్చండి. మార్చి చివరకు గరిష్ఠ పరిమితిలో 60 శాతం దాటి ఉంటే, ఖరీదైన వేసవి ఇంకా ముందే ఉంది కనుక, ఒక బయటి ఊరి టోర్నమెంటును వదులుకోవడమో పాఠాలు ఆపడమో అప్పుడే నిర్ణయించాలి.

సీజను చివర మరో కొలత వేయండి. పిల్లవాడు ఏడాదిలో ఎన్నిసార్లు బ్యాటింగ్‌కు దిగాడో, ఎన్ని ఇన్నింగ్స్ ఫీల్డింగ్ చేశాడో గేమ్‌ఛేంజర్‌లో ఉంటుంది. 8,870 డాలర్ల ఖర్చుకు 110 సార్లు బ్యాటింగ్‌కు వస్తే ఒక్కోసారికి సుమారు 81 డాలర్లు, 60 సార్లే వస్తే 148. రెక్ బాల్‌లో ఆడిన ఏడాదికి ఇదే లెక్క వేసి పక్కన రాయండి. మీ పిల్లవాడికి నిజంగా ఆట దొరుకుతున్నదో లేదో ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

చివరగా అతడినే అడగండి. చివరి టోర్నమెంటు ఓడి తిరిగి వస్తున్న కారులో అడగవద్దు, గెలిచిన సాయంత్రమూ వద్దు. పది రోజులు బ్యాట్ పట్టుకోకుండా ఉన్నాక, వచ్చే ఏడాది ఆడాలని ఉందా, ఇదే జట్టుతోనా అని అడిగి, చెప్పినదాన్ని మధ్యలో ఆపకుండా వినండి. వద్దంటే ట్రైఔట్లకు ముందే కోచ్‌కు తెలియజేయండి, జట్టు ఖాతాలో మీ పేరిట మిగిలిన సొమ్ము ఉందేమో అడిగి తీసుకోండి, బ్యాట్‌ను ఫిబ్రవరి దాకా దాచి అప్పుడు అమ్మండి. సీజనుకు ముందు కొనేవారు ఎక్కువ కాబట్టి అప్పుడే మంచి ధర వస్తుంది.